ఇల్లు గట్టేటోళ్లకు ఒక మాట

ఇందిరమ్మ ఇల్లు మంజూరైందని ఇటుకల కోసం తిరుగుతున్నరా? ఎర్ర ఇటుక అంటే ఎవరిదో పొలం పైమట్టి బట్టీల కాలినట్టే. పంటకు బలమిచ్చేది ఆ జానెడు మట్టే.

సిమెంటు ఇటుకకు పొలం మట్టి అక్కర్లేదు. సిమెంటు, క్రషర్ డస్టు, సన్న కంకర చాలు. భూపాలపల్లి దగ్గర చెల్పూరు ప్లాంటుల బొగ్గు కాలితే మిగిలే బూడిద కూడా ఇటుకలకు పనికొస్తది.

కొనేముందు మాత్రం ఒకటి అడగుండ్రి: ఎన్ని రోజులు తడిపిన్రు? కనీసం 14 రోజులు నీళ్లు పట్టాలె, తర్వాత మంచిగ ఆరాలె. పచ్చి ఇటుక గోడకెక్కితే, ఆరేకొద్దీ కుంచించుకపోయి గోడ పగుల్తది. రెండు ఇటుకలు ఒకదానికొకటి కొట్టి చూడుండ్రి, అంచులు రాలితే వద్దనుండ్రి.

సర్కారిచ్చే 5 లక్షలు మళ్లా రావు. పోయిన పొలం మట్టీ రాదు.