కంప కొట్టే గుత్త

ఊరి చివర పది సెంట్ల స్థలాన్ని సర్కారు తుమ్మ కమ్మేసినప్పుడు దాన్ని కొట్టించే ధర రెండు విధాలుగా కుదురుతుంది: రోజు కూలి, లేదా గుత్త. గుత్త మాట్లాడే మేస్త్రీ ముందు గట్టు వెంట ఒక చుట్టు తిరుగుతాడు. అతను చూసేది కొమ్మల్ని కాదు, మొదళ్లని. కంప నరకడం తేలిక. వేరు తవ్వడమే అసలు పని. 1870ల్లో కడప సీమలోని కమలాపురం దగ్గర నాటిన ఈ పరాయి చెట్టును నేలకు సమంగా కొట్టేసినా, నాలుగు వానలు పడితే మళ్లీ చిగురిస్తుంది. అందుకే పైపైన నరికే గుత్త వేరు, మొదలు పెకలించే గుత్త వేరు. కట్టెను బొగ్గుల బట్టీవాళ్లు తీసుకుంటే ఆ మేరకు ధర దిగుతుంది. అరచేతిలో విరిగే ముల్లు మాత్రం ఏ లెక్కలోకీ రాదు. రావాలి. గొడ్డలి పట్టే ముందు వేళ్లకు పాతగుడ్డ చుట్టుకునే చేతులను చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

ఒక్కోసారి కంప నడుమ పాత వేపచెట్టు బయటపడుతుంది. కొమ్మ మీద ఎప్పటిదో ఉయ్యాల తాడు ఒరిసిన గాడి. దానికి ధర ఎవరూ అడగరు. ఇంటి పెద్దావిడ చెయ్యెత్తి వద్దంటుంది. మేస్త్రీ దాని చుట్టూ పొదలు తీయించి, మొదట్లో మట్టి సర్ది, నీళ్ల బిందె ఆ నీడలో పెట్టిస్తాడు.