కొండెక్కితే ఎంత, దిగితే ఎంత?

కొత్తగా కారు కొన్నవాడిని మా తిరుపతిలో ‘బండి బాగుందా?’ అని ఎవరూ అడగరు. ‘ఎంతిస్తాది?’ అని అడుగుతారు. అపార్ట్‌మెంట్ వాచ్‌మెన్ నుంచి బంకులో పెట్రోలు పట్టే పిల్లోడి దాకా అందరిదీ అదే ప్రశ్న. నాది హైబ్రిడ్ అని తెలిస్తే వెంటనే రెండోది: ‘చార్జింగ్ యాడ పెడతావ్?’

యాడా పెట్టను. దానికి ప్లగ్గే లేదు.

ఈ ముక్క చెప్పేసరికి చాలామంది మొహంలో ‘వీడెవడో మోసపోయినట్టున్నాడే’ అన్న జాలి కనిపిస్తుంది. కాబట్టి ముందు ఇది తేల్చుకుందాం. మన రోడ్ల మీద మామూలు ధరలో దొరికేది స్ట్రాంగ్ హైబ్రిడ్. పెట్రోలు ఇంజిన్, పక్కన ఒక మోటారు, ఒక చిన్న బ్యాటరీ. ఆ బ్యాటరీని ఇంజినే నింపుతుంది. బ్రేకు వేసినప్పుడు, పల్లంలో దిగినప్పుడు చక్రాలు కూడా నింపుతాయి. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ వేరు. అందులో బ్యాటరీ పెద్దది. రాత్రి ఫోన్‌లాగా ఇంట్లో చార్జింగ్ పెట్టుకుంటే పొద్దున అరవై, డెబ్భై కిలోమీటర్లు కరెంటుతోనే పోవచ్చు. అది అయిపోయాక పెట్రోలు అందుకుంటుంది. మన దేశంలో ఆ రకం దాదాపుగా కోటీశ్వరుల షోరూముల్లోనే ఉంది.

నేను ఈ లెక్కల్లోకి దిగింది సరదాకి కాదు, మా మామ కోసం. అమ్మ తమ్ముడు. ఇరవై ఏళ్లకు పైగా తిరుపతిలో టాక్సీ తోలుతున్నాడు. రైల్వే స్టేషన్ దగ్గర, శ్రీనివాసం దగ్గర యాత్రికుల్ని ఎక్కించుకోవడం, కొండకు తీసుకెళ్లడం, దించడం, తర్వాత తిరుచానూరు, శ్రీకాళహస్తి, కాణిపాకం. ఆయన డీజిల్ బండికి పన్నెండేళ్లు. ఏటేటా ఎఫ్‌సీకి పోయినప్పుడల్లా ఏదో ఒక ఖర్చు. కూతురు బీటెక్ రెండో ఏడు. ఇంకో లోన్ అంటూ తీస్తే ఈ వయసులో అదే ఆఖరుది. అందుకే ఒకరోజు ఇంటికొచ్చి, నా బండి చుట్టూ ఒక రౌండు తిరిగి, ‘అల్లుడా, కంపెనీవోళ్ల మాట నాకొద్దు. ఒక నెల నువ్వు నిఖార్సుగా లెక్క రాసియ్యి. దాన్ని చూసే నేను కొనేది, మానేది’ అన్నాడు.

కంపెనీ కాగితం మీద నా బండి లీటరుకు ఇరవై ఎనిమిదికి దగ్గర్లో ఇస్తుంది. ఆ అంకె అబద్ధం కాదు. మన దేశంలో మైలేజీ పరీక్షను రోడ్డు మీద చేయరు. ల్యాబ్‌లో బండిని రోలర్ల మీద నిలబెట్టి, ముందే రాసిపెట్టిన వేగాల ప్రకారం నడుపుతారు. అన్ని కంపెనీల బండ్లకూ అదే కొలబద్ద. బండికీ బండికీ పోల్చుకోవడానికి పనికొస్తుంది కానీ, లీలామహల్ సర్కిల్లో సాయంత్రం ఆరింటికి అడ్డంగా దూరే ఆటోలు ఆ రోలర్ల మీద ఉండవు కదా.

డాష్‌బోర్డు మీద కనిపించే అంకెను కూడా నేను లెక్కలోకి తీసుకోలేదు. ఏ బండిలో అయినా అది కాస్త ఉదారంగా ఉంటుంది. నాది పాతకాలం పద్ధతి, ట్యాంక్ టు ట్యాంక్. ఒకే బంకు, ఒకే పంపు, తెల్లారి ఎండ ఎక్కకముందు. ఆటో కటాఫ్ పడగానే ఆపేయాలి. ‘ఇంకో యాభై రూపాయలు రౌండ్ చేస్తా సార్’ అంటే వద్దనాలి (ఈ ఒక్క మాటకే పిల్లోళ్లు నన్ను గుర్తుపెట్టుకున్నారు). ట్రిప్ మీటర్ సున్నా చేసి బయల్దేరి, తిరిగొచ్చాక మళ్లీ అక్కడే నింపాలి. పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగిస్తే అదే మైలేజీ.

ఇందులో ఒక చిక్కుంది. కటాఫ్ ఒకసారి కొంచెం ముందే పడుతుంది, ఒకసారి ఆలస్యంగా. పావు లీటరు తేడా మామూలు. కొండకు ఒకసారి పోయొస్తే తాగేది లీటరున్నర. దాంట్లో పావు లీటరు తప్పొస్తే మైలేజీ ఇరవై ఒకటీ కావచ్చు, ముప్ఫై దాటనూ వచ్చు. ‘ఒక్క ట్రిప్పుకే ముప్ఫై ఇచ్చింది బ్రో’ అని రీల్ పెట్టేవాళ్ల అంకెలు చాలావరకు ఇలా పుట్టినవే. అందుకే నెలను మూడు ముక్కలు చేశా. ఒక ముక్కలో టౌను మాత్రమే, ఒక ముక్కలో కొండ మాత్రమే, ఒక ముక్కలో చిత్తూరు మాత్రమే. టైర్లలో గాలి ప్రతి వారం చూడటం, ఏసీ ఎప్పుడూ ఆన్‌లో ఉంచడం.

టౌనులో 310 కిలోమీటర్లకు 12.1 లీటర్లు, అంటే 25.6. చిత్తూరులో అమ్మానాన్న దగ్గరికి నాలుగుసార్లు పోయొస్తే 571 కిలోమీటర్లకు 25.6 లీటర్లు, అంటే 22.3. ఈ రెండు అంకెలు చూసి మామ కళ్లద్దాలు సవరించుకున్నాడు. ‘ఏందిరా ఇది, తారుమారుగా రాసినావా? హైవేలో కదా ఎక్కువ రావల్సింది?’ డీజిల్ బండికైతే ఆ మాట నిజం. ఇది దానికి తిరగ. టౌనులో ఆగిన ప్రతిసారీ ఇంజిన్ ఆగిపోతుంది, బ్రేకు వేసిన ప్రతిసారీ కొంత కరెంటు వెనక్కి వస్తుంది. చంద్రగిరి దాటి గాదంకి టోల్‌గేట్ దాకా రోడ్డు చాపలా పరుచుకుని ఉంటుంది. వంద మీద పోతుంటే వెనక్కి తీసుకోవడానికి ఏముంటుంది? గాలిని చీల్చుకుంటూ పోయే పని మొత్తం పెట్రోలుదే. ఎనభై దాటకుండా పోయిన వారం మాత్రం కాస్త మెరుగు.

ఇక కొండ. మామకు కావల్సింది అదే, నాకూ అన్నిటికంటే ఇష్టమైన ముక్క అదే.

నిజం చెప్పాలంటే మైలేజీ పరీక్షకు మన ఘాట్ రోడ్డును మించిన ల్యాబ్ లేదు. పైకి ఒక దారి, కిందికి ఒక దారి, ఎదురు బండ్లు లేవు. దిగేది 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు, 36 హెయిర్‌పిన్ మలుపులు. ఎక్కేది 1974 నాటి రెండోది, అలాంటి మలుపులు ఆరే, అవీ చివర్లో. ఒక్కోటి దాదాపు 18 కిలోమీటర్లు. పైగా టైమ్ రూల్ ఉంది. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలి. అంతకంటే ముందే చేరితే ఫైను. అంటే ఎవడు తోలినా ఎక్కేటప్పుడు సగటున గంటకు 38, దిగేటప్పుడు 27 కిలోమీటర్లు దాటకూడదు. హీరోయిజానికి చోటు లేదు. ఇవాళ తోలినా, వచ్చే నెల తోలినా లెక్క పెద్దగా మారదు.

ఆరు ట్రిప్పులు, ఇంటి నుంచి ఇంటికి 243 కిలోమీటర్లు, 9.6 లీటర్లు. లీటరుకు 25.3. టౌనుతో సమానంగా! ఎక్కేటప్పుడు డాష్‌బోర్డు పధ్నాలుగు, పదిహేను చూపిస్తుంటే మామ గొణిగాడు. దిగేటప్పుడు పెట్రోలు దాదాపు ముట్టనే లేదు. రెండూ కలిపితే ఈ అంకె.

అయితే దిగేటప్పుడు మామ ఒకటి పట్టేశాడు. సగం దూరం కూడా రాకముందే, యాక్సిలరేటర్ మీద కాలు లేకపోయినా ఇంజిన్ ఒక్కసారి ‘గుయ్’ మని మొదలైంది. ‘పల్లంలో ఇంజిన్ అరుస్తాదేందిరా? పెట్రోలు తాగుతా ఉండాదా?’

తాగట్లేదు. అసలు కథ ఇక్కడే ఉంది. అలిపిరికీ తిరుమలకూ మధ్య దాదాపు 700 మీటర్ల ఎత్తు తేడా. నలుగురు మనుషులతో బండి బరువు 1600 కిలోలు అనుకుందాం. అంత బరువును అంత ఎత్తుకు లేపడానికి పట్టే శక్తి మూడు యూనిట్లు. మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే. దిగేటప్పుడు ఆ మూడూ మనకు తిరిగి రావాలి. టైర్ల రాపిడి, గాలి కొంత మింగేసినా ఇంకా రెండు యూనిట్లు చేతికి వచ్చేట్టు ఉంటాయి. మరి నా బ్యాటరీ ఎంత? యూనిట్ కూడా లేదు. దాన్ని కూడా బండి పూర్తిగా నింపదు, పూర్తిగా ఖాళీ కానివ్వదు. పెళ్లి భోజనాన్ని టిఫిన్ బాక్సులో సర్దుకున్నట్టే. బాక్సు నిండిపోయాక మిగిలింది ఏం చేయాలి? బ్రేకుల మీదే మొత్తం వేస్తే అవి కాలిపోతాయి. అందుకే మోటారు ఆ కరెంటుతో ఇంజిన్‌ను ఊరికే తిప్పుతుంది. పెట్రోలు బంద్, గాలి మాత్రం లోపల నలుగుతుంది. ఆ శబ్దమే అది.

నేనింత ఉపన్యాసం ఇస్తే మామ ఒక్క ముక్కలో తేల్చేశాడు. ‘ఓ, మేం సెకండ్ గేర్లో దిగినట్టే కదా.’

అంతే. సరిగ్గా అంతే.

కానీ నాకు మనసులో పీకుతూనే ఉంది. ప్రతిసారీ యూనిట్ పైన శక్తి ఆ మలుపుల్లో వేడిగా పోతోంది కదా అని. ఫ్రెండ్ ఒకడు ఎలక్ట్రిక్ కారు తోలతాడు, 30 యూనిట్ల బ్యాటరీ. ఒకరోజు వాడితో పోయా. పైకి 17 శాతం ఖర్చయింది. కింద అలిపిరి చేరేసరికి 5 శాతం తిరిగొచ్చింది. పోనూ రానూ నాలుగు యూనిట్లలోపే! ఇంట్లో చార్జింగ్ పెట్టుకుంటే ముప్ఫై రూపాయల చుట్టుపక్కల. నాకు లీటరున్నర పెట్రోలంటే నూట అరవై దాటుతుంది. 2022 సెప్టెంబరు నుంచి కొండకు తిరుగుతున్న ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు కూడా దిగేటప్పుడు చేసేది ఇదే. పక్క నుంచి పోతే సౌండే ఉండదు. (ఎలక్ట్రిక్ బండి ఉన్నవాళ్లకు ఒక మాట. హార్స్‌లీ హిల్స్ మీద రాత్రి ఉండి, ఫుల్ చార్జింగ్ పెట్టుకుని దిగితే మాత్రం మీ పరిస్థితీ నాదే. నిండిన కుండలో నీళ్లు పోయలేరు.)

మా తిరుపతికి కొలిచి కుట్టినట్టు సరిపోయేది మాత్రం ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అని నా అభిప్రాయం. కొండ ట్రిప్పు ఇంటి కరెంటుతో, చిత్తూరో వేలూరో పోతే పెట్రోలుతో. దిగేటప్పుడు వచ్చేదంతా దాచుకునేంత బాక్సూ ఉంటుంది. మరి ఎందుకు దొరకదు? పన్ను చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వచ్చిన కొత్త జీఎస్టీలో ఎలక్ట్రిక్ కారుకు 5 శాతం, పెద్ద హైబ్రిడ్‌కు 40 శాతం. ప్లగ్ ఉన్నా, లేకున్నా అదే పెద్ద పెట్రోలు బండి లెక్క. రెండు రకాల యంత్రాలు పెట్టి, దాని మీద అంత పన్ను కట్టి ఎవరు అమ్ముతారు?

పోనీ దొరికితే అందరం బాగుపడతామా అంటే, అదీ చెప్పలేం. మా పెద్దమ్మ కొడుకు కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటాడు. ప్రయస్ ప్రైమ్ కొన్నాడు. 13.6 యూనిట్ల బ్యాటరీ, చార్జింగ్ మీద డెబ్భై కిలోమీటర్లు. మొదటి ఇంట్లో గరాజ్ ఉండేది, నెలల తరబడి బంకు మొహం చూడలేదట. తర్వాత చార్జింగ్ పాయింట్ లేని అపార్ట్‌మెంట్‌కు మారాడు. ఇప్పుడు అన్న తోలేది బరువైన పెట్రోలు బండి. వాడొక్కడే కాదు. యూరప్‌లో అసలు బండ్లలోంచే డేటా తీసి 2024లో యూరోపియన్ కమిషన్ ఒక రిపోర్టు ఇచ్చింది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లు రోడ్డు మీద వదిలే కార్బన్ డయాక్సైడ్ ల్యాబ్ లెక్క కంటే సగటున మూడున్నర రెట్లట. ముఖ్య కారణం సింపుల్. అనుకున్నంతగా జనం ప్లగ్ పెట్టరు.

నెలాఖరుకు నోట్‌బుక్ మామ చేతిలో పెట్టా. మొత్తం 1124 కిలోమీటర్లు, 47.3 లీటర్లు, సగటు 23.8. లీటరు నూటపది అనుకుంటే కిలోమీటరుకు 4 రూపాయల 60 పైసలు. ఆయన పాత డీజిల్‌ది ఎనిమిదిన్నర. నెలకు మూడు వేల కిలోమీటర్లు తిరుగుతాడు కాబట్టి నెలకు పదకొండు వేలకు పైగా మిగులు. నేను గెలిచాననే అనుకున్నా.

మామ కాసేపు పేజీలు తిప్పాడు. ‘బాగుండాది. సీట్లు ఐదే కదా? నెల్లూరు నుంచి ఏడుమంది ఫ్యామిలీ గుండ్లు కొట్టించుకోను వస్తే ఇద్దర్ని కొండమీద వదిలేసి రావాల్నా?’ ఏడు సీట్ల హైబ్రిడ్ ఉంది మామా, కానీ రేటు... అన్నా. ‘సరే, బ్యాటరీ పోతే?’

బ్యాటరీల ఊరు మాది. కరకంబాడిలో అమర రాజా ఫ్యాక్టరీ ఉంది. రేణిగుంట వైపు లిథియం సెల్స్ తయారీ కూడా 2022లో మొదలుపెట్టారు. అయినా బ్యాటరీ అంటే మా వాళ్లకున్నంత భయం ఇంకెవరికీ ఉండదు. ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్లు వారంటీ ఉంటుంది మామా, ఏది ముందైతే అది, అని ధీమాగా చెప్పా.

ఆయన ఫోన్ తీసి కాలిక్యులేటర్ నొక్కాడు. నెలకు మూడు వేలు, ఏడాదికి ముప్ఫై ఆరు వేలు. లక్షా అరవై వేలను దాంతో భాగించి ఫోన్ నా వైపు తిప్పాడు. నాలుగు పాయింట్ నాలుగు.

‘లోన్ ఐదేండ్లురా అల్లుడా.’

నా దగ్గర సమాధానం లేదు. ఆ బ్యాటరీలు పదేళ్లు దాటి కూడా నడుస్తున్నాయని, ఎలక్ట్రిక్ తీసుకుంటే ఇంకా మిగులుతుందని చెప్పొచ్చు. కానీ ఆ చివరి ఏడు నెలల కిస్తీలు కట్టేది నేను కాదు. టాక్సీ ప్లేటు బండికి వారంటీ షరతులు వేరుగా ఉండొచ్చన్నది కూడా అప్పుడే గుర్తొచ్చింది.

పాత బండికే ఇంకో ఏడాదికి ఎఫ్‌సీ చేయించాడు, ముందు టైర్లు రెండూ మార్చాడు. నోట్‌బుక్ మాత్రం వెనక్కి ఇవ్వలేదు, డాష్‌బోర్డులో పెట్టుకున్నాడు. మొన్న ఫోన్ చేసి, ‘మే నెలలో ఏడుమందిని ఎక్కించి, ఏసీ ఫుల్లుగా పెట్టి, మీ ఫ్రెండ్ ఎలక్ట్రిక్ బండిని ఒకసారి కొండెక్కించమను. పెట్రోలుగా ఆ కరెంటు ఖర్చు నేనిస్తా’ అన్నాడు. అది ఐదు సీట్ల బండి మామా అంటే, ‘అయితే పిల్లోళ్లను ఎక్కించుకుందాంలే’ అన్నాడు.