శాలువా ఎందుకు వద్దన్నానంటే



పోయిన ఆదివారం మన గ్రూపులో నా ఫోటో ఒకటి వచ్చింది. కుడి చేత్తో పిస్తోలు చాపుకొని, ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకొని నిలబడి ఉన్నాను. దాని కింద ఎవరో "చందా బాకీ ఉన్నవాళ్ళు జాగ్రత్త" అని రాసినారు. నేను కూడా నవ్వుకున్నాను. వెంటనే మన కార్యదర్శి గారు, ఉగాది సభలో "మన షూటింగ్ ఛాంపియన్"కి శాలువా కప్పుతామని ప్రకటించేసినారు. నలభై మందికి పైగా చేతులు జోడించిన బొమ్మలు పెట్టినారు. నేను వద్దన్నాను. "ఏమన్నా, ఇంత బెట్టు?" అని ఇద్దరు ముగ్గురు ఫోను చేసినారు. బెట్టు కాదు. ఫోనులో చెప్తే సగమే చెప్పినట్టు అవుతుంది, అందుకని రాస్తున్నాను. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు నలభై దాటినాక మన సంఘం ఆదివారం క్లాసులో నేర్చుకున్నవి. తప్పులుంటే దిద్దుకొని చదవండి.

చాలామందికి నేను తెలుసు. పొన్మలై రైల్వే వర్క్‌షాపు 1928లో నాగపట్నం నుంచి ఇక్కడికి మారినప్పుడు దాంతో కూడా వచ్చిన కుటుంబం మాది. తాత ఫిట్టరు, నాయన ఫిట్టరు, నేను మాత్రం జీతాల సెక్షనులో గుమాస్తా. ముప్పై ఆరేళ్ళు ఇంకొకరి జీతం లెక్క వేసి, అరవైకి ఇంటికొచ్చినాను. వచ్చినాక రెండేళ్ళు ఏమి చేసినానని అడిగితే, పేపరు చదివినాను, మా ఆవిడ వంటింట్లోకి పోయి తిట్లు తిన్నాను. అంతే.

2022 వేసవి సెలవుల్లో మా మనవరాలిని రైఫిల్ క్లబ్బులో శిక్షణకు చేర్చినారు. స్కూటరు మీద తీసుకొనిపోయి, తీసుకొని వచ్చే పని నాది. వెనక బెంచీ మీద కూర్చొని నాలుగు రోజులు చూసినాను. అయిదో రోజు కోచ్ తంబి వచ్చి, "సుమ్మా ఉక్కాందిరుక్కీంగళే సార్, నీంగళుమ్ ఒరు కై పారుంగళేన్" అన్నాడు. చూసినాను. పది గుండ్లు కాల్చితే మూడు అట్ట మీద పడలేదు. పిల్లకు ఆరు నెలల్లో విసుగు పుట్టి భరతనాట్యానికి పోయింది. నేను మాత్రం అక్కడే ఉండిపోయినాను.

నేను ఆడేది పది మీటర్ల ఎయిర్ పిస్తోలు. మందుగుండు లేదు. పిస్తోలు కింద చిన్న సిలిండరులో గట్టిగా అదిమిన గాలి ఉంటుంది, అదే నాలుగున్నర మిల్లీమీటర్ల సీసం గుండును తోస్తుంది. అట్ట మీద నల్లటి వృత్తం సుమారు ఆరు సెంటీమీటర్లు. నడుమ ఉన్న పది మార్కుల చక్రం అడ్డం పదకొండున్నర మిల్లీమీటర్లు, అంటే రూపాయి బిళ్ళలో సగం. ఒక్క చేత్తోనే పట్టుకోవాల. ఇంకో చెయ్యి ఆన్చకూడదు, మణికట్టుకు కట్టు కట్టకూడదు. అందుకే ఎడమ చెయ్యి జేబులో ఉండేది, స్టైలుకు కాదు. గంటా పదిహేను నిమిషాల్లో అరవై గుండ్లు, ఆరు వందల మార్కులు. నా మొదటి పోటీలో 438 వచ్చింది. నా పక్కన నిలబడిన పదమూడేళ్ళ పిల్ల 551 కొట్టి, "పరవాయిల్లె తాత్తా" అని నన్ను ఓదార్చింది.

బయట చూసేవాళ్ళకు ఇది అట్టను చూసి కాల్చే ఆట. కానీ అట్టను చూడకూడదు. పిస్తోలు కొనలో ఉన్న చిన్న ఇనుప పలకను చూడాల. అది స్పష్టంగా కనిపించాల, అట్ట మసకగా ఉండాల. మన వయసు కళ్ళకు ఇదే పెద్ద చిక్కు. దూరం అద్దాలు పెడితే అట్ట కనిపిస్తుంది, చదివే అద్దాలు పెడితే అరచెయ్యి కనిపిస్తుంది, పిస్తోలు కొన మాత్రం రెంటికీ దొరకదు. చివరికి కళ్ళద్దాల అబ్బాయి చెయ్యి చాపిన దూరం టేపు పెట్టి కొలిచి, దూరం పవరుకు సుమారు అర పాయింటు కలిపి వేరే అద్దం చేసిచ్చినాడు. మరుసటి వారమే నా స్కోరు ముప్పై పెరిగింది.

రైల్వేలో పనిచేసినవాడికి ఆ క్లబ్బు పరాయి చోటు అనిపించదు. "లోడ్" అంటేనే గుండు పెట్టాల, "స్టార్ట్" అంటేనే కాల్చాల, "స్టాప్" అన్నాక ఒక్క గుండు కూడా పోకూడదు. ఎవరన్నా అట్టల వైపు పోవాలంటే అందరి పిస్తోళ్ళూ బల్ల మీద ఉండాల, గొట్టంలో రంగు దారం పెట్టి ఖాళీ అని చూపించాల. మన ఎర్రజెండా మాదిరే. పారిస్‌లో 2024లో యాభై మీటర్ల రైఫిల్‌లో కంచు పతకం గెలిచిన స్వప్నిల్ కుసాలే కూడా అప్పటికి సెంట్రల్ రైల్వేలో టికెట్టు చూసే ఉద్యోగిగా ఉండినాడు. ఆ రోజు మా పెన్షనర్ల బెంచీ మీద నేను అందరికీ కాఫీ పోయించినాను, గెలిచింది నేనే అయినట్టు.

టెక్సాస్‌లో ఉన్న మా తమ్ముడి కొడుకు కూడా షూటింగ్ పోటీలకు పోతాడు. వాడిది ప్రాక్టికల్ షూటింగ్ అంటారు. నిజమైన తుపాకీ, పరుగెత్తుతా, గోడల చాటునుంచి తొంగి చూస్తా, ఒకదాని వెనక ఒకటి అట్టలు కొట్టాల. వచ్చిన మార్కులను పట్టిన సెకండ్లతో భాగిస్తారు. వీడియో పంపి, "పెద్దనాయనా, నీది నిలబడి నిద్రపోయే ఆట" అని ఎగతాళి చేస్తాడు. ఒరే అబ్బీ, కదలకుండా నిలబడేదే కష్టం రా, నా వయసుకొస్తే తెలుస్తుంది అన్నాను. ఒంట్లో కదలకుండా ఉండనిది ఒకటి ఉంది. గుండె. చెయ్యి చాపి నిలబడితే ఆ దడ భుజంలోంచి పిస్తోలు కొన దాకా వస్తుంది. కొట్టుకోవడానికీ కొట్టుకోవడానికీ నడుమ ఉన్న ఆ క్షణంలో ట్రిగ్గరు నొక్కాలని చూస్తాము.

ఇప్పుడు శాలువా సంగతి.

పోయిన ఆగస్టులో నాకు గుండె దడ ఎక్కువైంది. రాత్రిళ్ళు లేచి కూర్చొనేవాణ్ణి. డాక్టరు గారు ఈసీజీ తీసి, రక్తపోటు చూసి, రోజూ ఒక మాత్ర వేసుకోమన్నారు. మెటోప్రొలాల్. మీలో కూడా చాలామంది ఇండ్లలో అది ఉంటుంది. దడ తగ్గింది. దాంతో పాటు ఇంకొకటి జరిగింది. పిస్తోలు కొన నిలబడింది. మూడేళ్ళుగా గాలికి ఆకు మాదిరి ఆడే ఆ ఇనుప పలక గోడకు మేకు కొట్టినట్టు నిలిచింది. నేను ఏమనుకున్నాను? ఇన్నాళ్ళ సాధన ఫలించింది అనుకున్నాను. రెండు నెలల్లో నా స్కోరు 507 నుంచి 530 దాటింది. డిసెంబరులో జిల్లా పోటీలో పెద్దవాళ్ళ విభాగంలో 536 కొట్టి మొదటివాణ్ణి అయినాను. మీరు చూసిన ఫోటో ఆనాటిదే.

జనవరిలో దాని పై పోటీకి దరఖాస్తు ఇచ్చినారు. చివరి పేజీలో, "నిషేధించిన మందులు వాడటం లేదు" అని సంతకం పెట్టాల. మిగతావాళ్ళు పెట్టి ఇచ్చేసినారు. గుమాస్తాకు చదవకుండా సంతకం పెట్టే చెయ్యి రాదు. ఇంటికి తీసుకొనిపోయి, ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ జాబితాను ఫోనులో వెతికి కూర్చున్నాను. బీటా బ్లాకర్లు అనే మందులు ఎక్కువ ఆటల్లో తప్పు కాదు. పరుగెత్తేవాడికి వాటితో లాభం లేదు. కానీ గురి పెట్టే ఆటల్లో అవి గుండెను నెమ్మది చేస్తాయి, వణుకు తగ్గిస్తాయి. షూటింగులో పోటీ లేని రోజుల్లో కూడా నిషేధం. ఆ వరుసలో నా మాత్ర పేరు ఉంది. 2008 బీజింగ్‌లో ఉత్తర కొరియా షూటరు కిమ్ జోంగ్ సు రెండు పతకాలు పోగొట్టుకున్నది కూడా ఇదే జాతి మందుకు.

నా మనసు రెండు రోజులు ఏమేమో చెప్పింది. నేను ఒలింపిక్స్ ఆడుతున్నానా? జిల్లాలో అరవై దాటిన తొమ్మిది మంది ఆడిన పోటీ. ఎవరు పరీక్ష చేస్తారు? రోగానికి వేసుకున్నాను కానీ గెలవడానికి వేసుకోలేదు కదా? మూడో రోజు ఇంకొక ఆలోచన వచ్చింది, అది ఇంకా చెడ్డది. మాత్ర మానేస్తే సరి. ఎవరికీ చెప్పకుండా రెండు రోజులు మానేసినాను. మూడో రోజు ఉదయం మెట్లు ఎక్కుతా ఉంటే కళ్ళు తిరిగినాయి. మా ఆవిడ మాత్రల అట్ట లెక్కపెట్టి పట్టుకునింది. "ఆ అట్టకు బొక్క పెట్టేదానికి నీ గుండెకు బొక్క పెట్టుకుంటావా?" అనింది. ముప్పై తొమ్మిదేళ్ళలో ఆమె నన్ను "నువ్వు" అన్నది అదే మొదటిసారి. డాక్టరు గారు అంతకంటే ఎక్కువ తిట్టినారు. ఈ మాత్రను ఒక్కసారిగా ఆపితే గుండె తిరగబడుతుందంట. ఇది చదివేవాళ్ళు కూడా గుర్తు పెట్టుకోండి, ఏ కారణానికైనా డాక్టరును అడగకుండా ఆపకండి. వైద్య కారణానికి మినహాయింపు అడిగే పద్ధతి ఒకటి ఉంది. కానీ ఈ మందు ఈ ఆటలో నిజంగానే మార్కులు పెంచుతుంది కాబట్టి, అది దొరకడం చాలా కష్టం.

అప్పుడు నాకు 1994 నాటి సంగతి ఒకటి గుర్తొచ్చింది. ఒక ఖలాసీకి నేను పొరపాటున ఒక ఇంక్రిమెంటు ఎక్కువ వేసినాను. పదకొండు నెలలు ఎవరూ చూడలేదు. ఆడిటులో బయటపడింది. ఆ మనిషి నా బల్ల ముందు నిలబడి, "సార్, నేను అడగలేదే, మీరే ఇచ్చినారు, ఖర్చు కూడా అయిపోయింది" అన్నాడు. నేను రూల్ చూపించి, తెలియక ఇచ్చినా ఎక్కువ ఎక్కువే, రికవరీ తప్పదు అన్నాను. నెలనెలా అతని జీతంలో పట్టినాను. ఆ తప్పు నాది, కట్టినవాడు అతను. ఇప్పుడు తప్పూ నాదే, ఎక్కువ వచ్చిందీ నాకే. ఆ మనిషికి చెప్పిన రూల్ నాకు మాత్రం వర్తించదా?

పోటీ నడిపినవాళ్ళ దగ్గరికి పోయి చెప్పినాను. "విడుంగ సార్, చిన్న పోటీ" అన్నారు. వినకుండా కాగితం రాసి, పతకంతో పాటు ఇచ్చి, రసీదు తీసుకున్నాను. రెండో స్థానం వచ్చిన ఆయన రిటైరైన బ్యాంకు ఉద్యోగి. నాకంటే నాలుగు మార్కులు తక్కువ. ఆయన ఇంటికి కూడా పోయి చెప్పినాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నాకూ రక్తపోటు ఉంది సార్, నా మాత్ర పేరు కూడా చూడండి" అని డబ్బా తెచ్చినాడు. ఇద్దరమూ కూర్చొని జాబితాలో వెతికినాము. ఆయనది వేరే జాతి మందు, లేదు. ఆయన భార్య ఇద్దరికీ కాఫీ ఇచ్చింది.

ఇది జరిగి రెండు నెలలైంది. బాధ లేదని అంటే అబద్ధం. స్వీడన్‌లో ఆస్కార్ స్వాన్ అనే ఆయన 1920లో డెబ్బై రెండేళ్ళ వయసులో ఒలింపిక్ పతకం గెలిచినాడు. ఆ పేరు నా స్కోరు పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టుకున్నాను. నాకింకా ఆరేళ్ళు ఉన్నాయి అని నవ్వుకొనేవాణ్ణి. ఇకమీద నేను పోటీలో నిలబడలేను. మంగళవారం, శుక్రవారం క్లబ్బుకు పోతాను, నా అరవై గుండ్లు కాల్చి, పుస్తకంలో రాసుకుంటాను. ఆగస్టు నుంచి ప్రతి పేజీ మూలలో "మాత్రతో" అని ఎర్ర సిరాతో రాసి ఉంది. పోటీల రోజుల్లో పిల్లల పేర్లు, లైన్లు, టైములు రాసిపెట్టే పని ఇచ్చినారు. రిజిస్టరు పని కదా, నాకు వచ్చినదే.

మా అమ్మ ఒక మాట అనేది. ఎవరినైనా నమ్మితే "వాడి మీద నాకు గురి ఉండాది" అనేది. తమిళంలో కుఱి అంటే గుర్తు, లక్ష్యం, జోస్యం చెప్పేది కూడా. మన తెలుగులో మాత్రమే గురి అంటే నమ్మకం కూడా అయింది. బడిలో తెలుగు చదవని నాకు ఈ తేడా ఈ ఏడాదే తెలిసింది.

కార్యదర్శి గారూ, శాలువా మిగిలింది కదా. మన సంఘం పిల్లలు ఇద్దరు క్లబ్బుకు వస్తున్నారు. ఒక పాప పోయిన వారం మొదటిసారి 500 దాటింది. ఏ మాత్రా లేకుండా. ఉగాది రోజు ఆ పాపకు కప్పండి. కప్పేటప్పుడు పక్కన నిలబడడానికి నేను వస్తాను. ఇంకా ఎవరన్నా పిల్లల్ని పంపాలనుకుంటే శనివారం ఉదయం ఆరున్నరకు మా ఇంటికి పంపండి. స్కూటరు మీద ఒకరికి చోటు ఉంది. పిస్తోలు కొననక్కరలేదు, మొదట క్లబ్బుదే ఇస్తారు.

ఇక చందా బాకీ సంగతి. ఆ ఫోటో కింద జోకు రాసిన తమ్ముడిదే రెండేళ్ళది ఉంది. రిజిస్టరు నా దగ్గరే ఉంది.