మెకాంగ్ ఒడ్డున తొందరలేని ఊరు

తిండి, తీరిక, తీర్థం అన్నీ నది చలవే. లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్‌లో ఇప్పుడు ఆ నదే మారుతోంది

ఇంకా పూర్తిగా తెల్లవారదు. లువాంగ్ ప్రబాంగ్ వీధుల్లో ఆడవాళ్లు చాపలు పరుచుకుని మోకాళ్లపై కూర్చుంటారు. ఎదురుగా వెదురుబుట్ట, అందులో పొగలు కక్కే జిగురు బియ్యపు అన్నం. కాసేపటికి కాషాయ వస్త్రాల్లో, ఉత్తికాళ్లతో బౌద్ధ భిక్షువులు బారుగా వస్తారు. ఒక్కొక్కరి పాత్రలో ఒక్కో ముద్ద పడుతుంది. ఎవరూ మాట్లాడరు. 'తాక్ బాత్' అనే ఈ భిక్షాటన ఉత్తర లావోస్‌లోని ఈ పట్నానికి నిత్యకృత్యం. పర్యాటకులకు మాత్రం అదొక దృశ్యం. భిక్షువుల మొహం మీద ఫ్లాష్ వెలిగించేవారు ఇక్కడ కొత్త కాదు. అవతలి కాలిబాట మీద నిలబడి మౌనంగా చూడటమే మర్యాద.

మెకాంగ్, నామ్ ఖాన్ నదులు కలిసేచోట నాలుకలా సాగిన నేల మీద ఉందీ ఊరు. 1353లో ఫా ఙుమ్ స్థాపించిన లాన్ షాంగ్, అంటే 'పది లక్షల ఏనుగుల' రాజ్యానికి ఇదే తొలి రాజధాని. 1560లో రాజధాని వియంటియాన్‌కు తరలిపోయినా ఈ ఊరి రాచఠీవి పోలేదు. 1975లో కమ్యూనిస్టులు రాచరికాన్ని రద్దు చేసేదాకా రాజప్రాసాదంలో సందడి ఉండేది. ఫ్రెంచి వలస కాలపు మేడలు, లావో చెక్క ఇళ్లు, బౌద్ధ ఆరామాలు పక్కపక్కనే నిలిచిన ఈ పట్నాన్ని యునెస్కో 1995లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఏం చూడాలి?

మొదట వాట్ షియెంగ్ థాంగ్. 1560 ప్రాంతంలో రాజు సేత్తాథిరాత్ కట్టించిన ఈ ఆలయం కప్పు అంచెలంచెలుగా దాదాపు నేలను తాకేలా వాలుతుంది. వెనక గోడ మీద రంగుటద్దాల ముక్కలతో కూర్చిన జీవవృక్షం సాయంత్రపు ఎండలో మెరుస్తుంది. ఆవరణలోని రాజుల అంత్యక్రియల రథశాల దగ్గర భారతీయులు తప్పక ఆగుతారు. దాని ముందుభాగమంతా బంగారుపూత చెక్కడాలు, చెక్కినదేమో రామాయణం. లావో రామాయణం పేరు 'ఫ్రా లక్ ఫ్రా లామ్'. పేరులో లక్ష్మణుడే ముందు. ఇందులో రాముడు బుద్ధుడి పూర్వజన్మ. కథ నడిచేది మెకాంగ్ తీరాన.

1904లో కట్టడం మొదలైన రాజప్రాసాదం నేడు మ్యూజియం. ఊరికి పేరిచ్చిన 83 సెంటీమీటర్ల బుద్ధ విగ్రహం 'ఫ్రా బాంగ్' ఈ ఆవరణలోనే ఉంది. ఏప్రిల్ నడుమ వచ్చే లావో కొత్త సంవత్సరానికి దాన్ని ఊరేగించి జనం నీళ్లతో అభిషేకిస్తారు. ప్రాసాదానికి ఎదురుగా ఫూసీ గుట్ట. మూడొందలకు పైగా మెట్లెక్కితే రెండు నదులూ ఒకేసారి కనిపిస్తాయి. సూర్యాస్తమయ వేళ రద్దీ ఎక్కువ, తెల్లవారుజామున ప్రశాంతం. సున్నపురాతి మీదుగా నీలాకుపచ్చగా దూకే కువాంగ్ సీ జలపాతం దాదాపు 30 కిలోమీటర్ల దూరం. ఆలయాలకు వెళ్లేటప్పుడు భుజాలు, మోకాళ్లు కప్పుకోవడం తప్పనిసరి.

ఏం తినాలి?

అన్నం చేత్తో తినే అలవాటున్నవారికి ఇక్కడ ఇబ్బంది ఉండదు. జిగురు అన్నాన్ని చిన్న ఉండగా చేసి కారపు పచ్చడిలో అద్దుకోవడమే పద్ధతి. ఎండు మిరపకాయలకు గేదె తోలు జోడించి నూరే 'జేవ్ బాంగ్' ఈ ఊరి ప్రత్యేకం. ఘాటైన ఒక అడవి తీగ ముక్కలు వేసి ఉడికించే పులుసు 'ఓర్ లామ్'. చేపను అరిటాకులో చుట్టి ఆవిరిపై వండేది 'మోక్ పా'. నదిలోని రాళ్లపై పెరిగే నాచును పల్చగా పరిచి, నువ్వులు చల్లి, ఎండబెట్టి వేయించే 'ఖై ఫేన్' మన వడియాలను గుర్తుచేస్తుంది. శాకాహారులు మాత్రం అడిగి మరీ తినాలి. బొప్పాయి కాయ సలాడ్‌లో కూడా 'పాడెక్' అనే ఊరబెట్టిన చేపల రసం ఉండవచ్చు.

సాయంత్రం ప్రధాన వీధిని మూసి నడిపే రాత్రి బజారులో చేనేత బట్టలు బేరమాడవచ్చు. ఏమీ చేయకుండా నది ఒడ్డున లావో కాఫీ తాగుతూ కూర్చున్నా పూట గడిచిపోతుంది. ఎండాకాలంలో నామ్ ఖాన్ మీద వెదురు వంతెన కడతారు, వానల ముందు విప్పేస్తారు. ఈ ఊరు నదితో వాదించదు, దాని లెక్క ప్రకారం నడుచుకుంటుంది.

మారుతున్న లెక్క

ఆ లెక్కే ఇప్పుడు తప్పుతోంది. ఆగ్నేయాసియాకు 'బ్యాటరీ' కావాలన్నది లావోస్ ప్రభుత్వ ఆశయం. దిగువన 1,285 మెగావాట్ల సయాబురి ఆనకట్ట 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. దాని వెనక నిలిచిన నీటి ప్రభావం పట్నం దాకా ఉందని, ఇక్కడ మెకాంగ్ చెరువులా మారుతోందని పరిశీలకుల ఆందోళన. ఎగువన దాదాపు 25 కిలోమీటర్ల దూరంలో 1,460 మెగావాట్ల మరో ఆనకట్ట నిర్మాణంలో ఉంది. బుద్ధ విగ్రహాలతో నిండిన పాక్ ఊ గుహలకు పడవలో వెళ్లే యాత్రికులు ఇప్పుడు దాని చేరువకే వెళ్తున్నట్లు లెక్క. వారసత్వంపై పడే ప్రభావాన్ని మదింపు చేయాలని ప్రపంచ వారసత్వ కమిటీ కోరింది.

పేద దేశానికి కరెంటు అమ్మకం ఆదాయం కావాలి, కాదనలేం. కానీ ఆ ఆదాయం ఖజానాకు చేరుతుంది, నష్టం ఒడ్డున మిగులుతుంది. ఖై ఫేన్‌కు కావలసిన నాచు పెరగాలంటే తేటగా పారే లోతులేని నీళ్లుండాలి. నిలవనీటిలో అది దొరకదు. చేపకూ, పడవకూ అదే చిక్కు.

2021 డిసెంబరులో మొదలైన లావోస్-చైనా రైలు, కొండదారిలో రోజంతా పట్టే వియంటియాన్ ప్రయాణాన్ని రెండు గంటలకు కుదించింది. చేరుకోవడం సులువైంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. వెళ్లినవారు మూడు రోజులైనా ఉండాలి. అందులో ఒక పూట ఆలయాలను పక్కనబెట్టి, నదిని చూడటానికే కేటాయించాలి.