మెట్ల లెక్క

2022 జులై 11, సోమవారం

ఎర్రనీరు రేవులోకి వచ్చేసింది. భద్రాచలంలో 50 అడుగులు దాటిందని టీవీ వాళ్ళు ఊదరగొడుతున్నారు. అక్కడ 43, 48, 53 దగ్గర మూడు హెచ్చరికలు. ఆ నీరు ధవళేశ్వరం బ్యారేజీకి చేరాక అంకెలు మారతాయి: 11.75, 13.75, 17.75. అత్తయ్యగారికి వీటితో పనిలేదు, ఆవిడది మెట్ల లెక్క. ధవళేశ్వరంలో రెండో హెచ్చరికంటే మా రేవు మెట్లు మునుగుతాయి. మూడోదంటే పశువులపాకలోకి నీరు. ఆ పైన వీధరుగు, తర్వాత గడప. ఈ లెక్క ఏ ఇంటికి ఆ ఇంటిదే. పక్కింటి పునాది మాకన్నా జానెడు పల్లం, వాళ్ళు ఓ పూట ముందే సర్దుకోవాలి.

జులై 14, గురువారం

పొద్దున్నే గేదెల్నీ దూడల్నీ మరిది ఏటిగట్టు మీదికి తోలుకెళ్ళాడు. బియ్యం డబ్బా, మిక్సీ, పిల్లల పుస్తకాలు అటకెక్కాయి. గ్యాస్ సిలిండరుకి రెగ్యులేటరు తీసి కిటికీ ఊచకి గొలుసుతో కట్టేశాను, లేకపోతే తేలి ఎటు పోతుందో తెలీదు. కరెంటు మెయిన్ ఆపేశాను. మరుగుదొడ్డి బేసిన్లో ఇసుక మూట కుక్కాను. వరదకి సెప్టిక్ ట్యాంకు ఎగదన్నిందంటే ఇల్లంతా అదే. దస్తావేజు, పాస్‌పుస్తకం, బంగారం తాకట్టు రసీదు, ఆధార్ కార్డులు మాత్రం అటక మీద పెట్టలేదు. పాలిథిన్ సంచిలో చుట్టి నడుముకి కట్టుకున్నాను.

కువైట్ నుంచి ఆయన ఫోను. "రెండు తాళాలూ వెయ్యి. కెమెరాలు పెట్టిద్దామంటే విన్నావు కాదు" అని. అత్తయ్యగారు ఫోను లాక్కున్నారు. "తాళం దేనికిరా? ముందూ వెనకా బార్లా తీసే వెళ్తాం. 86లో మీ పెదనాన్న తలుపులు బిగించుకుని పోతే ఏమైంది? బయట మొలలోతు నీరు, లోపల పొడి. వెనకగోడ కాస్తా కూర్చుండిపోయింది. నీటికి దారిస్తేనే గోడ నిలిచేది."

"మరి దొంగలో?"

"పోతే సామాను పోద్ది. ఇల్లు ఉంటాది కదరా."

తలుపులు కొట్టుకోకుండా రెక్కలు తాళ్ళతో గోడకి బిగించి వచ్చేశాం.

జులై 16, శనివారం. ఏటిగట్టు మీద

భద్రాచలంలో 71.3 అడుగులట. ధవళేశ్వరంలో పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది. టార్పాలిన్ల కింద పెద్దవాళ్ళంతా 86 ఆగస్టుతో పోలుస్తున్నారు. అప్పుడు భద్రాచలంలో 75.6.

మగాళ్ళకి నిద్ర లేదు. నీరు గట్టు మీంచి పొర్లడం ఒక భయమైతే, పీతల బొరియల్లోంచి ఊట పుట్టడం అంతకన్నా భయం. ఊట తేటగా ఉన్నంతసేపూ ఫర్వాలేదు. మట్టిరంగు తిరిగిందా, గట్టు లోపల కోసుకుపోతున్నట్టే. అక్కడ ఇసుక బస్తాలు గుండ్రంగా, బావి ఒరలా పేరుస్తున్నారు.

మరిదీ మరికొందరు కుర్రాళ్ళూ ఇంజను పడవేసుకుని, రాత్రంతా ఇళ్ళ మధ్య టార్చీలు కొడుతూ తిరుగుతున్నారు. మీరడిగిన కెమెరాలు ఇవేనండీ అని ఆయనతో చెప్పాను.

జులై 22, శుక్రవారం

నీరు గడప దిగుతుండగానే ఇంటికొచ్చేశాం. ఒండ్రుని నీళ్ళుండగానే చీపురుతో కలియబెట్టి బయటికి తోసెయ్యాలి. ఎండిందంటే గునపం పట్టాల్సిందే. గోడలు నిలిచాయి, సామానూ ఎక్కడిదక్కడే ఉంది.

లోపలికి ముందు కర్ర, తర్వాత కాలు. వంటింట్లో తడిసిన గోనెని కర్రతో కదిపేసరికి గట్టిగా బుస. రక్తపింజరి. ఒంటి నిండా గొలుసు మచ్చలు, అంగుళం జరగకుండా చుట్ట బిగిస్తోంది. అందరం వీధరుగు మీదికొచ్చి పాములు పట్టేవాళ్ళకి కబురు పెట్టాం. పిల్లలకి మళ్ళీ చెప్పాను: కరిస్తే కట్టు కట్టకూడదు, కొయ్యకూడదు, నడిపించకూడదు. కదలకుండా ఉంచి 108కి ఫోను చెయ్యాలి. ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒకటే. పాముని చంపి పట్టుకెళ్ళే పని లేదు.

ఆగస్టు 7, ఆదివారం

పక్కింటి మేష్టారు తన పాలసీ కాగితం తెచ్చి చదివి వినిపించారు. భారత్ గృహ రక్ష. 2021 ఏప్రిల్ నుంచి ఉన్నదే. వరద, తుఫాను, అగ్నిప్రమాదం అన్నీ అందులోనే. లెక్కగట్టేది కట్టుబడి ఖర్చుకే, స్థలం విలువకి కాదు. సామాన్లకి విడిగా రాయించకపోయినా ఇంటి మొత్తంలో 20 శాతం, 10 లక్షలకి మించకుండా ఇస్తారు. నగలకి వేరే కట్టుకోవాలి. వరద మూలంగా ఏడు రోజుల్లోపు దొంగతనం జరిగినా వర్తిస్తుందట. తలుపులు తీసి వెళ్ళేవాళ్ళం, ఆ ముక్క మళ్ళీ చదివించుకున్నాను. బ్యాంకులో అడిగి మా ఇంటికీ కట్టిస్తాను.

మేస్త్రీ వచ్చి కొలతలు తీసుకున్నాడు. డాబా మీద ఒక గది, దానికి బయటి నుంచే మెట్లు. లోపలి నుంచైతే నీళ్ళలో తడుముకుంటూ ఎక్కాలి. రేకులేస్తే చవకన్నాడు. 96 నవంబరు తుఫానుకి మా పుట్టింటి రేకులు ఎగిరి కొబ్బరితోటలో పడ్డాయి. వరద కోసం కట్టింది గాలికి పోతే ఏం లాభం? స్లాబే వెయ్యమన్నాను. ఖర్చు ఎక్కువే. కొబ్బరి ధర చూస్తే రెండు దింపులు ఆగాలి. ఆయన సరేనన్నారు. దసరా వెళ్ళాక ఇసుక తోలిస్తాను.