నీళ్ళు తాగిన బల్ల

ఆరేళ్ళుగా మోకాటి లోతు దాటి సముద్రంలో దిగని మనిషికి సర్ఫ్ బోర్డు ఎందుకని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. "పాతది, చవకగా వచ్చింది" అన్నాను. అది సమాధానం కాదని ఇద్దరికీ తెలుసు.

మద్రాసు పక్కన కోవళంలో, నలభై దాటాక నేర్చుకున్న విద్య ఇది. అక్కడి జాలరి కుర్రాళ్ళు అలల మీద అవలీలగా లేచి నిలబడుతుంటే చూసి నేనూ దిగాను. రెండేళ్ళు బాగానే సాగింది. ఒక ఉదయం లోపలికి లాగే ప్రవాహంలో చిక్కుకున్నాను. కాలికి కట్టిన తాడు తెగి బోర్డొక వైపు, నేనొక వైపు కొట్టుకుపోయాము. వేట నుంచి వస్తున్న పడవవాళ్ళు జుట్టు పట్టుకుని పైకి లాగారు. ఆ తర్వాత బోర్డు అమ్మేశాను. భయమని ఎవరికీ చెప్పలేదు, భుజం నొప్పి అన్నాను. చెప్పగా చెప్పగా భుజం నిజంగానే నొప్పి పెట్టడం మొదలయింది!

ఇప్పుడు కొన్నది తొమ్మిదడుగుల బల్ల. ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఒకాయన దగ్గర దొరికింది. ఒకప్పుడు తెల్లనిదే, ఎండకు రెజిను ముదిరి పాత నేతి రంగుకు తిరిగింది. మూడు చోట్ల అతుకులు. తోక దగ్గర సన్నని పగులు. ఫైబర్ పూత పగిలితే లోపలి ఫోము నీళ్ళు తాగుతుంది, బల్ల బరువెక్కుతుంది. తెలిసే కొన్నాను. కొత్త బల్ల అయితే నా నుంచి ఏదో ఆశిస్తున్నట్టుంటుంది. దీనికి ఆ బాధ లేదు.

కారు పైన కట్టుకుని తోటపల్లి గూడూరు మండలంలోని మా ఊరికి తీసుకుపోయాను. కోడూరు ఒడ్డున నన్ను చూసి నవ్వేవాళ్ళెవరూ ఉండరని నా లెక్క. మాఘమాసపు ఉదయం, సరుగుడు తోపు దాటి ఇసుకలోకి వచ్చేసరికి వల బాగుచేసుకుంటున్న పదిమందీ పని ఆపి నా వైపే చూస్తున్నారు.

"ఏంది నాయనా ఇది, తలుపా?" అన్నాడో పెద్దాయన.

చెప్పాను. ఆయన వేళ్ళతో తోక నుంచి ముక్కు దాకా తట్టుకుంటూ వచ్చి, పగులు దగ్గర ఆగాడు. "నీళ్ళు తాగుండాదే" అన్నాడు. నేనింకా పగులు సంగతి చెప్పనే లేదు.

ఆయన నలభై ఏళ్ళు తెప్ప మీద వేట చేసినవాడు. దుంగలను తాళ్ళతో కట్టిన తెప్ప అది. ఒడ్డుకు రాగానే కట్లు విప్పి, దుంగలను విడివిడిగా ఎండబెట్టేవారట. లేకుంటే కొయ్య నీళ్ళు తాగి తేలడం మానేస్తుంది. 2004 సునామీ తర్వాత మోటారున్న ఫైబర్ పడవలు వచ్చి తెప్పలు మూలబడ్డాయి. ఆయన తెప్పలో మిగిలిన ఒక్క దుంగ ఇప్పుడు ఇంటి ముందు అరుగు.

"ఒడ్డుకు ఎట్లా వచ్చేవాళ్ళు పెద్దాయనా, అలల్లో?" అని అడిగాను.

"అల లేపిందాకా ఉండి, తెడ్డేసి దాని మిందనే వచ్చేది. ముక్కు దించబాక, అంతే. ముక్కు దిగిందా, మనిషి కింద, తెప్ప పైన. ఎనక్కి జరగాల."

కోవళంలో డబ్బిచ్చి నేర్చుకున్న మొదటి పాఠం అచ్చంగా ఇదే. కెప్టెన్ కుక్ మూడవ యాత్రలో హవాయి చేరిన జేమ్స్ కింగ్ అనే అధికారి, అక్కడివారు బల్లలపై అలలెక్కడం చూసి ఆశ్చర్యపడి 1779లో వ్రాసిపెట్టాడు. మద్రాసుకు రేవు కట్టక ముందు మన తీరపు కట్టుమరాలవాళ్ళు ఓడల నుంచి ఉత్తరాలను తడవకుండా టోపీలలో దాచి, అవే అలలు దాటి తెచ్చేవారు. కట్టుమరం అన్న మాటే ఇంగ్లీషులో కేటమరాన్ అయింది. హవాయిలో అది ఆట. ఇక్కడ ఎవరూ దానికి పేరు పెట్టలేదు. ఇంటికి రావడానికి వేరే పేరెందుకు?

బల్లను తోక కిందకు పెట్టి, ఎండలో నిలబెట్టమన్నాడాయన. ఎండ రెజినుకు చేటని నేను వాదించాను. చివరకు సరుగుడు నీడలో నిలబెట్టాము. పగులు నుంచి చుక్కచుక్కగా రెండు రోజులు కారింది. మూడవనాడు జిగురు పూసి, ఆరనిచ్చి, నాలుగవనాడు నీళ్ళలో దిగాను.

నడుము లోతు దగ్గరే కాళ్ళు వణికాయి. అల కాదు, వట్టి నురుగు. బల్లపై బోర్లా పడుకున్నాను. మొదటిసారి ముక్కు దిగి నెత్తిన ఇసుక. ఒడ్డు నుంచి "ఎనక్కి!" అని కేక. రెండవసారి వెనక్కి జరిగాను. నురుగు మమ్మల్నిద్దరినీ ఎత్తి, గరగరమంటూ ఇసుక దాకా తెచ్చి వదిలింది. లేచి నిలబడలేదు. నిలబడాలని ఆ రోజు తోచనూ లేదు. మళ్ళీ లోపలికి నడిచాను. పదిసార్లు వచ్చి ఉంటాను. భుజం సంగతి మధ్యాహ్నం దాకా గుర్తు రాలేదు.

సాయంత్రం మా ఆవిడ ఫోను చేసి, దిగావా అని అడిగింది. దిగానన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "తాడు కొత్తదేనా?" అంది.

కొత్తదే.

పెద్దాయన మాత్రం బల్ల తోకను మళ్ళీ తట్టి చూసి, పెదవి విరిచాడు. జిగురు పట్టలేదు. అది ఇప్పటికీ సరుగుడు కింద నిలబడి, చుక్కచుక్కగా కారుతోంది.