ఎలుక మెదడూ, మంచునీళ్ళూ

ప్రయోగశాలలో పెంచే తెల్ల ఎలుక మెదడు ఎంత ఉంటుందో తెలుసా? సుమారు 2 గ్రాములు. మనిషి మెదడు దానికి ఆరేడు వందల రెట్లు తూగుతుంది. అంత చిన్న మెదడును కోయకుండా, ఎలుకను చంపకుండా, లోపల ఏం జరుగుతున్నదో కొలిచే పని నేను కొంతకాలం చేశాను. ఆ రోజుల్లో నాకు ఒక గొప్ప సంతోషం కలిగి, మూడు రోజులకే పోయింది. ఆ సంగతి చెబుతాను.

ఈ పనికి ఎం. ఆర్. ఐ. యంత్రం కావాలి. ఆసుపత్రి యంత్రాలలోని అయస్కాంతం సాధారణంగా 1.5 లేక 3 టెస్లాల బలం గలది. మా ఎలుకల యంత్రం చిన్నదే గాని, దాని బలం 7 టెస్లాలు. ఎలుకకు మత్తు ఇచ్చి, దాని పైపళ్ళను ఒక కడ్డీకి తగిలించి, తల కదలకుండా బిగించి లోపలికి పంపుతాం. యంత్రం మెదడు బొమ్మ ఇస్తుంది. కాని మాకు బొమ్మ చాలదు, అంకె కావాలి. మెదడులో నీటి అణువులు ఎంత చురుకుగా అటూ ఇటూ తిరుగుతున్నవో ఆ అంకె చెబుతుంది. రక్తం అందని చోట కణాలు ఉబ్బిపోయి, నీటి తిరుగుడు మందగించి, అంకె తగ్గుతుంది. 1990లో పిల్లుల మీద చేసిన ప్రయోగాలలో ఈ సంగతి బయటపడింది. పక్షవాతం వచ్చిన మనుషులలోనూ ఇంతే.

ఆ దెబ్బను మాన్పుతుందేమోనని మేము ఒక మందును పరీక్షిస్తున్నాం. ఒకనాడు పొద్దున ఒక ఎలుకను కొలిచి, మందు ఇచ్చి, సాయంకాలం మళ్ళీ కొలిచాను. దెబ్బతిన్న చోట అంకె నూటికి 7 వంతులు పెరిగింది! పరుగున వెళ్ళి మా ప్రొఫెసరుగారితో చెప్పాను. ఆయన సంతోషించి, "మరి రెండోవైపు ఎంత ఉంది?" అని అడిగారు.

నేను చూడలేదు. వెళ్ళి చూస్తే, దెబ్బ తగలని వైపు కూడా దాదాపు అంతే పెరిగి ఉంది. జబ్బే లేని చోట మందు బాగుచెయ్యటానికి ఏముంది?

తప్పు యంత్రానిదే అనుకున్నాను. తప్పు చేసినవాడికి మొదట తోచేది అదే కదా! యంత్రాన్ని పరీక్షించటానికి ఒక చవక ఉపాయం ఉన్నది. గాజు గొట్టంలో నీళ్ళు పోసి, దాన్ని దంచిన మంచుగడ్డలూ నీళ్ళూ ఉన్న డబ్బాలో కొంతసేపు ఉంచాలి. మంచు కరుగుతున్నంతసేపూ గొట్టంలోని నీళ్ళు 0 డిగ్రీల దగ్గరే ఉంటాయి, ఏ దేశంలో అయినా సరే. అప్పుడు నీటి అంకె సుమారు 1.1 రావాలి. (సెకనుకు చదరపు మిల్లీమీటరులో వెయ్యో వంతుల లెక్కన.) అదే నీరు మన ఒంటి వేడికి, అంటే 37 డిగ్రీలకు వస్తే, అంకె 3 దాకా పోతుంది. నేను మంచునీళ్ళను పొద్దునా కొలిచాను, సాయంకాలమూ కొలిచాను. రెండుసార్లూ 1.1 వచ్చింది. యంత్రం అబద్ధమాడలేదు.

ఎలుకలను సాకే తాత ఇదంతా చూస్తున్నాడు. "బాబూ, ఆవేళ పొద్దున ఎలుకను బయటికి తీస్తే చేతికి చల్లగా తగిలింది," అన్నాడు.

మత్తులో ఉన్న ఎలుక తన ఒంటి వేడిని నిలుపుకోలేదు. అందుకని దాని కింద వేడినీళ్ళు పారే పరుపు వేస్తాం. నోటు పుస్తకం తీసి చూశాను. పొద్దున 34 డిగ్రీలు, సాయంకాలం 37. పొద్దున పంపు మీట నొక్కటం మరిచినవాణ్ణి నేనే, ఆ అంకెలు రాసినవాణ్ణీ నేనే! ఒక్క డిగ్రీకి నీటి చురుకు నూటికి 2 వంతులకు పైగా మారుతుంది. మూడు డిగ్రీలకు ఎంతో మీరే లెక్క కట్టండి.

ప్రొఫెసరుగారితో ఈ మాట చెప్పటానికి నాకు నోరు రాలేదు. ఎట్లాగో చెప్పాను. ఆయన కోప్పడలేదు. "మందు ఇవ్వని ఎలుకను ఎప్పుడైనా రెండుసార్లు కొలిచావా?" అన్నారు. అదీ చెయ్యలేదు.

ఆ తరవాత నెల రోజులు అదే పని. ఏ మందూ ఇవ్వకుండా, 37 డిగ్రీల దగ్గర ఉంచి, ఒకే ఎలుకను ఇవాళ ఒకసారి, రేపు ఒకసారి కొలవటం. తల కాస్త వంకరగా పెట్టినా, బొమ్మ మీద కొలిచే చోటు చుట్టూ గీత గీసేటప్పుడు చెయ్యి జరిగినా, అంకె కొంచెం మారేది. ఊరికే ఎంత మారుతుందో తెలిశాక మళ్ళీ మందు ప్రయత్నించాం. సగం ఎలుకలకు మందు, సగం ఎలుకలకు ఉత్త ఉప్పునీళ్ళు. దేనికి ఏది ఇచ్చారో కొలిచే నాకు చెప్పలేదు. చివరికి లెక్క చూస్తే రెండు గుంపులకూ తేడా కనబడలేదు.

మిగిలిన మందు సీసాలు చాలాకాలం మా అలమరలోనే ఉండేవి. తాత మాత్రం ప్రతి ఎలుకనూ లోపలికి పంపేముందు దాని పొట్టమీద చెయ్యి వేసి చూసేవాడు, థర్మామీటరు ఉన్నా సరే.